పవర్‌బోటు ఇంజిన్: లెక్క ప్రొపెల్లరు దగ్గర మొదలవ్వాలి

చదునైన రోడ్డు మీద గంటకు 100 కి.మీ. వేగంతో పోయే మామూలు కారుకు కావలసింది 20 హార్స్‌పవర్ అటూఇటూ. బానెట్ కింద 400 ఉన్నా మిగతాదంతా ఊరికే కూర్చుని ఉంటుంది. పవర్‌బోటు సంగతి వేరు. నీటి మీదికి లేచి పరుగెత్తే బోటులో ప్రొపెల్లరు అడిగే శక్తి ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఘాతం 2.5 నుంచి 3 లెక్కన పెరుగుతుంది. 5400 ఆర్‌పీఎం దగ్గర 600 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌ను ‘నిదానంగా’ 4300 దగ్గర నడిపినా 300 నుంచి 340 హార్స్‌పవర్ దాకా లాగుతూనే ఉంటుంది. గంటకు 90–100 లీటర్ల పెట్రోలు మండుతుంది. పూర్తి థ్రాటిల్‌లో అది 180 లీటర్లు దాటుతుంది. గేరు మార్చి ఊపిరి తీసుకునే వీలుండదు, థ్రాటిల్ వదిలేసి దొర్లించుకునే పల్లం రాదు. నిండా లోడెత్తిన లారీ గంటల తరబడి కొండ ఎక్కుతున్నట్టే ఉంటుంది దాని బతుకు.

బోటు కోసం కట్టే ఇంజిన్‌లో ప్రతి కొలతా ఈ ఒక్క నిజం నుంచే పుడుతుంది. డ్రాగ్ రేసు ఇంజిన్ కొన్ని సెకన్లు పనిచేసి ఆగుతుంది. అందులోని పిస్టన్ వేడెక్కి స్థిరపడే లోపే రేసు అయిపోతుంది. బోటులో వేడి స్థిరపడి, అక్కడే గంట సేపు ఉంటుంది. దానికి తోడు ఇంజిన్ చుట్టూ నీళ్లు, కొన్నిసార్లు లోపల కూడా. పెద్ద హార్స్‌పవర్ బోటు ఇంజిన్లు పోయిన సందర్భాలను విప్పి చూస్తే, ఎక్కువ భాగం వేడి లెక్క తప్పినవో, నీళ్ల దారి తప్పినవో అయి ఉంటాయి. విడిభాగం నాసిరకమై పోయినవి అనుకునేంత ఎక్కువేమీ ఉండవు.

ముందు బోటు, ఆ తర్వాతే ఇంజిన్

‘ఎంత హార్స్‌పవర్ కావాలి’ అనే ప్రశ్నతో మొదలుపెడితే మొదటి అడుగే పక్కకు పడినట్టు. బోటు బరువెంత, హల్ (బోటు అడుగు భాగం) ఏ రకం, డ్రైవ్ (ఇంజిన్ శక్తిని ప్రొపెల్లరుకు చేర్చే గేర్ల పెట్టె) ఏది, దాని గేరు నిష్పత్తి ఎంత, తిరిగేది ఉప్పునీళ్లలోనా మంచినీళ్లలోనా అన్నవి ముందు తేలాలి. వేగం లెక్క సులువు. ఇంజిన్ ఆర్‌పీఎంను గేరు నిష్పత్తితో భాగించి, అంగుళాల్లో ఉన్న ప్రొపెల్లరు పిచ్‌తో (ఒక చుట్టుకు అది ముందుకు పోవాల్సిన దూరం) గుణించి, వచ్చినదాన్ని 0.001524తో గుణిస్తే గంటకు కి.మీ. వస్తాయి. 5200 ఆర్‌పీఎం, 1.5 నిష్పత్తి, 28 అంగుళాల పిచ్ అయితే 148 కి.మీ. అందులో స్లిప్ (నీటిలో జారి పోయే భాగం) కింద 10–12 శాతం తీసేస్తే నిజంగా అందే వేగం 130–133.

ఇప్పుడు ఇదే బోటులో 6200 దగ్గర గరిష్ఠ శక్తి ఇచ్చే ఇంజిన్ పెట్టారనుకుందాం. పిచ్ అలాగే ఉంచితే ప్రొపెల్లరు దాన్ని 6200 దాకా వెళ్లనివ్వదు. కాగితం మీది ఆ శక్తి ఎప్పటికీ నీటిలోకి దిగదు. పిచ్ తగ్గిస్తే ఒక్కో అంగుళానికి 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది. శక్తి దొరుకుతుంది గాని ఆయుష్షు తగ్గుతుంది. కనెక్టింగ్ రాడ్ మీద జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 5200 నుంచి 6000కు పోతే ఆ భారం 33 శాతం ఎక్కువవుతుంది. మరో చిక్కు, బోటు నీటి మీదికి లేచే ఘట్టం. 2500–3500 ఆర్‌పీఎం మధ్య టార్క్ లేకపోతే ముక్కు ఆకాశానికి పెట్టి తోక ఈడ్చుకుంటూ పోతుంది. ఈ రెండు కారణాల వల్ల బోటులో శక్తిని ఆర్‌పీఎంతో కాకుండా ఘనపరిమాణంతో కొనుక్కోవడమే తెలివైన పని. పెద్ద వీ8 ఇంజిన్లు ఈ రంగాన్ని ఏలడానికి మూలం ఇదే.

డ్రైవ్ ఓర్చుకునే టార్క్‌కు తయారీదారు ఇచ్చిన హద్దును ఇంజిన్ లెక్కలో మొదటి రోజే రాసుకోవాలి. బోటు అలమీద నుంచి ఎగిరి ప్రొపెల్లరు తిరిగి నీటిలో పడ్డప్పుడు గేర్ల మీద పడే దెబ్బ, ఇంజిన్ ఇచ్చే సగటు టార్క్ కంటే చాలా ఎక్కువ.

బ్లాకు, క్రాంకు, రాడ్లు

ఈ రంగంలో ఎక్కువగా కనిపించేది షెవర్లే బిగ్‌బ్లాక్ వంశం. ఫ్యాక్టరీ కొలతల్లో 454 ఘనపు అంగుళాలది (బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 4.250; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 4.000 అంగుళాలు), 502ది (బోరు 4.466, స్ట్రోకు 4.000). కస్టమ్ ఇంజిన్లలో ఎక్కువమంది ఆగేది 540 దగ్గర: విడిగా పోతపోసిన మందపు గోడల బ్లాకులో 4.500 బోరు, 4.250 స్ట్రోకు, అంటే దాదాపు 8.9 లీటర్లు. 5500 ఆర్‌పీఎం దగ్గర దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 19.8 మీటర్లు. 4.750 స్ట్రోకు ఉన్న 632లో అదే ఆర్‌పీఎంకు 22 మీటర్లు దాటుతుంది. వందల గంటలు నడవాల్సిన ఇంజిన్‌కు 20 దగ్గర గీత గీసుకోవడం మంచిది. 632 చూడటానికి ఘనంగానే ఉంటుంది గాని, దాన్ని 4800కు పరిమితం చేయగల నిగ్రహం ఉన్న యజమానులు తక్కువ.

పాత బ్లాకు వాడాలనుకుంటే ముందు అది ఎన్నాళ్లు ఉప్పునీళ్లు తాగిందో చూడాలి. వాటర్ జాకెట్ వైపు నుంచి తుప్పు గోడను తినేస్తుంది, బోరు వైపు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. సోనిక్ పరీక్షలో (ధ్వని తరంగాలతో గోడ మందం కొలిచేది) ప్రతి బోరునూ నాలుగు వైపులా, మూడు ఎత్తుల్లో కొలవాలి. పిస్టన్ ఒరిగే వైపు గోడ 0.200 అంగుళాల కంటే తక్కువ ఉంటే సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు) ఆలోచన మానుకోవాలి. వేడి రసాయనపు తొట్టిలో కడగడం, పగుళ్ల కోసం అయస్కాంత పరీక్ష, మెయిన్ బేరింగుల వరుసను సరిచేసే హోనింగ్ (రాళ్లతో నునుపుగా అరగదీయడం), డెక్ (హెడ్ కూర్చునే పైతలం) చదును, ఆ తర్వాత బోరింగ్. చివరి హోనింగ్ టార్క్ ప్లేటు (హెడ్ బదులుగా బిగించే మందపు పలక) బిగించే చేయాలి. అది కూడా చివర్లో వాడబోయే స్టడ్లు, అదే రకం హెడ్ గాస్కెట్‌తో. ప్లేటు లేకుండా గుండ్రంగా తీసిన బోరు, హెడ్ బిగించగానే ఒక థౌ దాకా వంకర తిరగగలదు. (వర్క్‌షాపు లెక్కలో థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మి.మీ.)

క్రాంకు 4340 ఉక్కుతో ఫోర్జ్ చేసినదై, లోపలే బ్యాలెన్స్ అయినదై ఉండాలి. ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. పాత ఫ్యాక్టరీ 454 ఇంజిన్లు బయటి బ్యాలెన్స్‌వి. వాటి ముందరి డ్యాంపర్‌లోనూ వెనక ఫ్లైవీల్‌లోనూ కావాలనే ఒకవైపు బరువు ఉంచారు. కొత్త క్రాంకు లోపలి బ్యాలెన్స్‌ది వేసి, చేతిలో ఉన్న పాత డ్యాంపరునో ఫ్లైవీలునో తగిలిస్తే ఇంజిన్ 3000 దాటగానే వణుకుతుంది. ఆ వణుకుకు కప్లరూ (ఇంజిన్‌ను డ్రైవ్‌కు కలిపే భాగం), ఆల్టర్నేటర్ బ్రాకెట్లూ ఒక్కొక్కటిగా విరుగుతాయి. అసలు కారణం చివరకు గాని బయటపడదు.

రాడ్ బోల్టులను టార్క్ రెంచితో వదిలేయకుండా సాగుడు గేజితో కొలిచి బిగించాలి. ఎంత సాగాలో బోల్టు తయారీదారు పట్టికలో ఉంటుంది. బిగించక ముందు ప్రతి బోల్టు పొడవూ కాగితం మీద రాసుకుని, విప్పినప్పుడు మళ్లీ కొలవాలి. ఒక థౌ కంటే ఎక్కువ శాశ్వతంగా సాగినది చెత్తబుట్టకే.

బేరింగ్ క్లియరెన్స్‌కు పాత సూత్రం, జర్నల్ వ్యాసం అంగుళానికి ఒక థౌ, ఇక్కడ కూడా పనికొస్తుంది. అయితే కొంచెం వదులు వైపే మొగ్గాలి. 2.750 అంగుళాల మెయిన్‌కు 2.8–3.2 థౌ, 2.200 రాడ్ జర్నల్‌కు 2.5–2.8 థౌ. మైక్రోమీటరూ, డయల్ బోర్ గేజీ లేకుండా ఈ కొలతలు నమ్మదగినవి కావు. ఈ సందుకు తగిన ఆయిల్ 20డబ్ల్యూ-50. ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు. దానికోసం అతి పెద్ద పంపు పెడితే ఆయిలంతా పైనున్న రాకర్ కవర్లలో చేరి సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఖాళీ అవుతుంది.

సంపు 9–10 లీటర్లకు తగ్గకూడదు. అలల దెబ్బకు ఆయిల్ ముందుకీ వెనక్కీ ఎగరకుండా తలుపులున్న అడ్డుగోడలు అవసరం. ఇంజిన్ బోటులో ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి డిప్‌స్టిక్ గుర్తులు స్టాండు మీద గీసినవి పనికిరావు. బోటులో దింపాక, కొలిచి పోసిన ఆయిల్‌తో కొత్తగా గీయాలి. ఇంకా పైస్థాయికి పోతే డ్రై సంపే (ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు). మెర్క్యూరీ రేసింగ్ 2010లో తెచ్చిన 9 లీటర్ల ట్విన్ టర్బో 1350 ఇంజిన్ ఆ దారిలోనే వచ్చింది.

ఇంకో మాట. రెండు ఇంజిన్ల పాత ఇన్‌బోర్డ్ బోట్లలో ఒక ఇంజిన్ వ్యతిరేక దిశలో తిరిగేది అయి ఉండవచ్చు. దానికి క్యామ్, డిస్ట్రిబ్యూటర్ గేరు, స్టార్టర్, వెనకటి ఆయిల్ సీలు అన్నీ వేరే. పిస్టన్ పిన్ను పక్కకు జరిగి ఉన్న రకమైతే పిస్టన్లు కూడా తిప్పి వేయాలి. సీలు పెదవి మీద గీతలు ఆయిల్‌ను లోపలికి లాగాల్సింది పోయి బయటికి తోసేస్తుంటే, ఎన్ని సీళ్లు మార్చినా కారడం ఆగదు.

వేడి పిస్టన్, చల్లటి గోడ

బోటు ఇంజిన్‌కూ కారు ఇంజిన్‌కూ అసలైన తేడా తెలిసేది పిస్టన్ దగ్గర. కారులో కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటి నీళ్లనే నేరుగా తిప్పే బోటులో థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అంతకంటే వేడెక్కితే ఉప్పునీటిలోని లవణాలు పేరుకుని దారులు మూసేస్తాయి. కొన్ని రేసింగ్ ఇంజిన్లకు థర్మోస్టాటే ఉండదు. పోత ఇనుము వ్యాకోచం డిగ్రీకి మీటరుకు 11 మైక్రాన్ల దగ్గర. 114.3 మి.మీ. బోరు గోడ 30 డిగ్రీలు చల్లగా ఉంటే దాని వ్యాసం 0.038 మి.మీ., అంటే ఒకటిన్నర థౌ, తక్కువగా తెరుచుకుంటుంది. లోపల పిస్టన్ మాత్రం కారులోకంటే ఎక్కువ వేడి మీద, ఇనుముకు రెట్టింపు వ్యాకోచించే అల్యూమినియంతో ఉంది. గోడ ముడుచుకుంటోంది, పిస్టన్ ఉబ్బుతోంది.

అందుకే కారులో 4.5–5 థౌ సందుతో బాగా నడిచే 2618 మిశ్రలోహపు ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు బోటులో 6–6.5 ఇవ్వాలి. సూపర్‌ఛార్జర్ ఉంటే ఇంకా ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు టకటక శబ్దం వస్తుంది, అది భరించాల్సిందే. 4032 రకంలో 12 శాతం దాకా సిలికాన్ ఉంటుంది కాబట్టి తక్కువ ఉబ్బుతుంది, బిగువు సందు చాలు, చప్పుడు తక్కువ. కాని డిటొనేషన్ (నాకింగ్, అంటే మిశ్రమం ఒక్కసారిగా పేలడం) వస్తే వంగకుండా పగులుతుంది. బూస్ట్ (లోపలికి తోసే అదనపు గాలి ఒత్తిడి) ఉన్న ఇంజిన్‌కు 2618, లేనిదానికి ఏదైనా సరే అన్నది సబబైన విభజన.

సందు చాలకపోతే పిస్టన్ స్కర్టు మీద నాలుగు మూలల్లో, పిన్ను బాస్‌లకు పక్కగా, గీరుకుపోయిన మచ్చలు వస్తాయి. స్కర్టు మధ్యలో ఒకేచోట గీతలుంటే అది ఆయిల్ లోపం. నాలుగు మూలలైతే వేడి ఉబ్బు. ఈ తేడా తెలియక ఆయిల్ పంపు మార్చి, అదే సందుతో మళ్లీ కట్టి, రెండోసారి పిస్టన్లు పోగొట్టుకోవడం కొత్తేమీ కాదు.

రింగు గ్యాపు లెక్క కూడా ఈ వేడిదే. పై రింగుకు బోరు అంగుళానికి 6 థౌ చొప్పున, 4.500 బోరుకు 27 థౌ (0.69 మి.మీ.) సూపర్‌ఛార్జ్‌డ్ బోటు ఇంజిన్‌కు తగిన ఆరంభం. బూస్ట్ లేనిదానికి 5 థౌ చొప్పున చాలు. రెండో రింగుకు పైదానికంటే కాస్త ఎక్కువ. గ్యాపు కొంచెం పెద్దదైతే నష్టం లెక్కకు రానంత తక్కువ. చిన్నదైతే రింగు కొసలు ఒకదానికొకటి తగిలి, రింగు బోరును పట్టేసి, పిస్టన్ పై అంచును చీల్చుకుపోతుంది.

కంప్రెషన్ నిష్పత్తి విషయంలో ఆశ తగ్గించుకోవాలి. పంపు పెట్రోలుతో, బూస్ట్ లేకుండా, ఇనుప హెడ్లకు 9 అటూఇటూ, అల్యూమినియం హెడ్లకు 9.5. పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య 40–45 థౌ దూరం ఉంచితే మిశ్రమం బాగా కలిసి నాకింగ్ తగ్గుతుంది. బూస్ట్ ఉంటే 8 దగ్గర ఆపాలి. 8 కంప్రెషన్ మీద 6 పీఎస్‌ఐ బూస్ట్ వేస్తే సాధారణ లెక్కలో అది 11.3కు సమానం. ఇగ్నిషన్ మొత్తం అడ్వాన్స్ బూస్ట్ లేనిదానికి 32–34 డిగ్రీలు, ఉన్నదానికి 30 లోపు. పూర్తి లోడు మీద గాలి–ఇంధన నిష్పత్తి 12.5, బూస్ట్ కింద 11.5–11.8. కారు ట్యూనర్లు చేసే పొరపాటు మధ్య ఆర్‌పీఎంలలో ఇంధనం పొదుపుగా సెట్ చేయడం. కారులో 3500 అంటే తేలికపాటి పరుగు. బోటులో 3500 అంటే బరువు మోత. అక్కడ పలచబడ్డ మిశ్రమంతో పది నిమిషాలు నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి. స్పార్క్ ప్లగ్ పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు గాని, మెరిసే అల్యూమినియం రవ్వలు గాని కనిపిస్తే ఇంజిన్‌ను ఆ రోజే ఆపాలి.

ఎగ్జాస్ట్‌లోంచి వెనక్కి వచ్చే నీళ్లు

బోటులో ఎగ్జాస్ట్ పైపులు నీటి జాకెట్‌తో చల్లబడి, చివరకు ఆ నీళ్లే పొగతో కలిసి బయటికి పోతాయి. ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ సమయంలో, ఐడిల్ దగ్గర మానిఫోల్డ్ వాక్యూమ్ పొగను వెనక్కి పీలుస్తుంది. పొగతో పాటు నీటి తుంపర కూడా వస్తుంది. దీన్నే రివర్షన్ అంటారు. ఓవర్‌ల్యాప్ ఎంతో తెలుసుకోవడానికి చిన్న లెక్క ఉంది. 50 థౌ లిఫ్ట్ దగ్గర ఇంటేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ల (వాల్వు తెరిచి ఉండే డిగ్రీల) సగటులోంచి లోబ్ సెపరేషన్ కోణానికి (క్యామ్ మీద ఆ రెంటి ఉబ్బుల మధ్య కోణం) రెట్టింపు తీసేయాలి. 236/246 క్యామ్‌కు సగటు 241. కోణం 112 అయితే ఓవర్‌ల్యాప్ 17 డిగ్రీలు, 114 అయితే 13, 108 అయితే 25. కారు రేసింగ్ క్యామ్‌లు 106–108 కోణంతో రావడం మామూలే. ఐడిల్‌లో ఆ గుర్రపు నడక చప్పుడు వినసొంపుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం సిలిండర్లలోకి వస్తాయి.

నీళ్లు ఎగ్జాస్ట్ మోచేతి (వంపు గొట్టం) దగ్గరే కలిసే ఫ్యాక్టరీ తరహా మానిఫోల్డ్‌కు 112–114 కోణం, మితమైన డ్యూరేషన్ దాటి పోకూడదు. పెద్ద క్యామ్ తప్పదనుకుంటే ఎగ్జాస్ట్ మార్చాలి: స్టెయిన్‌లెస్ హెడర్లు, చివరిదాకా జాకెట్‌లోనే నీళ్లు నడిపి కొసన మాత్రమే కలిపే పొడి పైపులు. డబ్బు తగ్గించుకోవాల్సి వస్తే కార్బ్యురేటరు దగ్గర తగ్గించుకోవచ్చు, పాలిష్ వాల్వ్ కవర్ల దగ్గర తప్పకుండా తగ్గించుకోవచ్చు, ఎగ్జాస్ట్ దగ్గర కూడదు.

రివర్షన్ లేకుండా కూడా నీళ్లు రావచ్చు. హెడర్ జాకెట్‌లోకి మరీ చల్లటి నీళ్లు వదిలితే ఐడిల్‌లో పొగలోని ఆవిరే లోపలి గోడకు తగిలి నీరవుతుంది. ఇంజిన్ తిరిగి వేడెక్కిన నీళ్లనే జాకెట్‌కు పంపితే ఇది తగ్గుతుంది. వేగంలో ఉండగా గేరులోనే ఇగ్నిషన్ ఆపితే, ప్రొపెల్లరు ఇంజిన్‌ను తిప్పుతూ పైపులోంచి నీళ్లు తోడిస్తుంది. ఆపాక కూడా పొగరుగా రెండు మూడు చుట్లు తిరిగే ఇంజిన్, వెనక్కి తిరిగిందంటే ఎగ్జాస్ట్‌తోనే గాలి పీలుస్తుంది. ఐడిల్ స్పీడు ఎక్కువగా పెట్టడం దీనికి తరచూ కారణం. రైజర్ (పొగను పైకి తీసుకుపోయే ఎగ్జాస్ట్ గొట్టం) పైభాగం నిలిచిన నీటి మట్టానికి అడుగుకు తగ్గకుండా పైన ఉండాలి. బోటులో బరువైన ఇంజిన్లు మార్చినప్పుడు ఈ ఎత్తు తగ్గిపోయిందేమో మళ్లీ కొలవాలి.

వెనక సిలిండర్ల ప్లగ్గుల మీద తుప్పు, ఎగ్జాస్ట్ వాల్వు కాడ మీద ఎర్రటి పొర, పైపు లోపలి పైభాగంలో ఉప్పు చారికలు నీళ్లు వస్తున్నాయనడానికి గుర్తులు. సిలిండరులో నీళ్లు నిండి ఇంజిన్ బిగుసుకుంటే స్టార్టర్‌తో బలవంతం చేయకూడదు, రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ తీసి తిప్పి నీళ్లు కక్కించాలి, సిలిండర్లలో ఆయిల్ చల్లాలి, సంపు ఆయిల్ మార్చాలి, గంటల వ్యవధిలోనే ఇంజిన్‌ను నడిపి వేడెక్కించాలి. రేపు చూద్దామని వదిలేస్తే తెల్లారేసరికి బోర్ల మీద తుప్పు గీత పడి ఉంటుంది.

నీళ్ల ఒత్తిడి

గంటకు 130 కి.మీ. వేగంతో నీటిని చీల్చుకుపోయే పికప్ (బయటి నీళ్లను లోపలికి తీసుకునే నోరు) ముఖం మీద సిద్ధాంతం ప్రకారం పడే ఒత్తిడి 6.7 బార్, అంటే 97 పీఎస్‌ఐ. అందులో కొంతే లోపలికి వచ్చినా సీ పంపు ఒత్తిడికి అది తోడవుతుంది. బ్లాకులో 20–25 పీఎస్‌ఐ దాటనివ్వకుండా రిలీఫ్ వాల్వు ఉండాలి. లేకపోతే ఇంటేక్ గాస్కెట్ మూలల్లోంచి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. పాలలా తెల్లబడ్డ ఆయిల్ చూసి హెడ్ గాస్కెట్ పోయిందనుకుని హెడ్లు విప్పుతారు. గేజి ఒక్కటి ఉంటే ఆ శ్రమ తప్పేది. ఇంకో పక్క, ఐడిల్‌లో 2–3 పీఎస్‌ఐ కూడా లేకపోతే హెడ్ల పైభాగంలో గాలి బుడగ చిక్కుకుంటుంది. ఇంటేక్ నాలుగు మూలల నుంచి చిన్న గాలి గొట్టాలు పైకి తీయడం దానికి మందు. పంపు రబ్బరు ఇంపెల్లర్ రెక్క విరిగితే కొత్తది వేయడంతో పని తీరదు. విరిగిన ముక్క ఆయిల్ కూలర్ నోట్లోనో ఇంటర్‌కూలర్‌లోనో దొరికేదాకా వెతకాలి.

ఉప్పునీళ్లలో అల్యూమినియం హెడ్లు పెడితే హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ వేడిని బయటి నీళ్లకు ఇచ్చే పరికరం) ఉన్న మూసిన కూలింగ్ తప్పనిసరి. ఇందులో రెండో మాటకు తావులేదు. అప్పుడు 70 డిగ్రీల థర్మోస్టాట్ వాడవచ్చు, గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటుంది, పైన చెప్పిన పిస్టన్ సందు సమస్య కూడా కొంత తేలికవుతుంది. ఇత్తడి కోర్ ప్లగ్గులు, స్టెయిన్‌లెస్ అంచున్న మెరైన్ హెడ్ గాస్కెట్లు, ఎక్స్‌ఛేంజర్‌లో జింక్ ఆనోడ్లు ఎటూ ఉండాల్సినవే. ఆయిల్ కూలర్‌కు థర్మోస్టాట్ పెట్టడం చాలామంది మరచిపోతారు. ఆయిల్ 80 డిగ్రీలైనా చేరకపోతే అందులో చేరిన పెట్రోలూ తేమా ఆవిరి కావు, 115 దాటితే పొర పలచబడుతుంది. చల్లగా ఉంటే మంచిదేలే అని వదిలేసిన ఇంజిన్లకు బేరింగులు త్వరగా అరుగుతాయి.

వాల్వులు, స్ప్రింగులు

ప్రొపెల్లరు నీటిలోంచి బయటపడ్డ క్షణంలో లోడు మాయమై ఇంజిన్ ఎగిరిపడుతుంది. స్ప్రింగులు అంతకు తట్టుకోవాలి. హైడ్రాలిక్ రోలర్ క్యామ్ ఉన్న బిగ్‌బ్లాక్‌కు వాల్వు మూసినప్పుడు 140–160 పౌండ్లు, తెరిచినప్పుడు 400 చుట్టుపక్కల సరిపోతుంది. రెవ్ లిమిటర్‌ను పని ఆర్‌పీఎంకు 200–300 పైన పెట్టాలి. సాలిడ్ రోలర్ లిఫ్టర్లు ఎక్కువ శక్తినిస్తాయి, కాని జెట్టీ దగ్గర గంటల తరబడి ఐడిల్‌లో పాకేటప్పుడు వాటి సూది బేరింగులకు ఆయిల్ సరిగా అందదు. ఒక్క సూది రాలితే మొత్తం ఇంజిన్ విప్పాల్సిందే. విహారానికి వాడే బోటులో హైడ్రాలిక్ రోలరే మేలు.

ఎగ్జాస్ట్ వాల్వులు ఇంకనెల్ మిశ్రలోహానివి, గైడులో సందు రెండున్నర థౌకు తగ్గకుండా, సీటు వెడల్పు 2 మి.మీ.కు దగ్గరగా. రేసింగ్ హెడ్‌లో సన్నటి సీటు గాలి ప్రవాహానికి మంచిదే. బోటులో వాల్వు తన వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం ఆ సీటే కాబట్టి వెడల్పు కావాలి.

మంటల లెక్క

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది బోటు అడుగున చేరి కూర్చుంటుంది. కారు స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ లోపల పుట్టే నిప్పురవ్వ బయటికి రాకుండా ఆపే ఏర్పాటు వాటికి ఉండదు. మెరైన్ వాటికి ఎస్‌ఏఈ జె1171 ప్రమాణం ఉంది. చూడటానికి ఒకేలా ఉండి, ధర సగమే ఉన్నా కారు భాగం పెట్టకూడదు. మెరైన్ కార్బ్యురేటర్‌లో గాలి గొట్టాలు లోపలికి వంగి ఉంటాయి, ఫ్లోట్ పొంగితే పెట్రోలు ఇంజిన్ మీద కాకుండా దాని గొంతులోకే పోతుంది. పైన ఎయిర్ ఫిల్టర్ బదులు ఫ్లేమ్ అరెస్టర్ (మంటను బయటికి రానివ్వని జాలీ) ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ నడపాలి. ఇంధన పైపు విషయానికి వస్తే, 600 హార్స్‌పవర్‌కు అర అంగుళానికి తగ్గని లోపలి వ్యాసం కావాలి. ట్యాంకు మూతి దగ్గరి యాంటీ-సైఫన్ వాల్వు (పైపు తెగితే ట్యాంకు తనంతట కారిపోకుండా ఆపేది) సన్నగా ఉంటే పై ఆర్‌పీఎంలలో ఇంధనం చాలక పిస్టన్ కరుగుతుంది.

డైనో మీద, ఆ తర్వాత నీటి మీద

డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద 3000 నుంచి 6000కు పది సెకన్లలో లాగి తీసిన గ్రాఫు బోటు యజమానికి చెప్పేది తక్కువ. 4500 దగ్గర పూర్తి లోడుతో ఐదు నిమిషాలు నిలబెట్టి ఆయిల్ ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత, ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఎక్కడ స్థిరపడ్డాయో చూడాలి. బోటులో వాడబోయే ఎగ్జాస్టే డైనోకు తగిలించాలి. పొడి హెడర్లతో వచ్చిన అంకె తడి మానిఫోల్డ్‌తో రాదు. గాలి–ఇంధన సెన్సర్‌ను నీళ్లు కలిసే చోటుకు పైనే పెట్టాలి, తుంపర తగిలితే చచ్చిపోతుంది. దించే ముందు లీక్‌డౌన్ పరీక్షలో (సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూసేది) అన్ని సిలిండర్లూ 5–8 శాతం లోపల, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఫిల్టర్ కోసి మడతల్లో ఏముందో చూడాలి. కాస్త సన్నటి బూడిదరంగు పొర సహజం, అయస్కాంతానికి అంటే రవ్వలు కావు.

బోటులో దింపాక అలైన్‌మెంట్ కడ్డీ రెండు వేళ్లతో కప్లర్‌లోకి జారాలి. సుత్తి అవసరమైతే ఇంజిన్ మౌంట్లు ఇంకా సరికాలేదన్నమాట. మొదటి రెండు గంటలు ఆర్‌పీఎం మారుస్తూ, 3500 దాటకుండా నడపాలి. పది గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఎగ్జాస్ట్ బోల్టులు తిరిగి బిగించి, పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని ఆర్‌పీఎంలు వస్తున్నాయో నిండు ట్యాంకుతో, మామూలుగా ఎక్కేంతమందితో కొలవాలి. అనుకున్నదానికంటే 300 తక్కువైతే పిచ్ రెండంగుళాలు తగ్గించాలి. అలా వదిలేస్తే ఇంజిన్ జీవితాంతం తన బలానికి మించిన గేరులో కొండ ఎక్కుతున్నట్టే. ప్రతి 50 గంటలకు స్ప్రింగుల ఒత్తిడి హెడ్ విప్పకుండానే కొలవవచ్చు. కొత్తప్పటికంటే పది శాతం పైగా తగ్గినవి మార్చేయాలి. సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజిన్‌కు 150 గంటల దగ్గర హెడ్లు దించి వాల్వులు, గైడులు చూసుకునే ఖర్చును కట్టించుకునే రోజునే లెక్కలో వేసుకోవాలి.